నాలుగు నోళ్ళ పెట్టె

నేను ఒక ఖాళీ పెట్టెను. ఖాళీగా ఉండడమే నా ఉద్యోగం. బీరువాలో చీరలుంటాయి, గాదెలో ధాన్యముంటుంది, నాలో మాత్రం గాలి తప్ప ఏమీ ఉండకూడదు. ఆ గాలిని ఆసరా చేసుకునే నా ముఖానికి బిగించిన స్పీకర్లు పలుకుతాయి. వాటిని విడిగా బల్ల మీద పెట్టి మోగించి చూడండి, జలుబు చేసినవాడు మాట్లాడినట్టు ఉంటుంది. అయినా కచేరీ బాగుంటే జనం గిటారును మెచ్చుకుంటారు. కాస్త తెలిసినవాళ్ళయితే స్పీకర్లను మెచ్చుకుంటారు. పెట్టెను మెచ్చుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. తిట్టేటప్పుడు మాత్రం అందరికీ ముందు నేనే గుర్తొస్తాను. ఇది ఫిర్యాదు కాదు, ఉన్నమాట.

నన్ను చేయించినవాడు గవర్రాజు. తాడేపల్లిగూడెంలో స్వరఝరి ఆర్కెస్ట్రా అని ఒక పార్టీ ఉండేది. పెళ్ళిళ్ళలో, చవితి పందిళ్ళలో, తీర్థాల్లో సినిమా పాటలు పాడే పార్టీ. అందులో అతను ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాడు. అతని భార్య సత్యవేణి అందులోనే పాడేది. జనం వచ్చేది ఆమె పాట కోసమే. ఆ సంగతి గవర్రాజుకు బాగా తెలుసు. దానికి అతను మురిసిపోయేవాడు, కొంచెం చిన్నబుచ్చుకునేవాడు కూడా. ఏది ఎంత పాలో అతనికే తెలియదు.

నాకంటే ముందు అతని దగ్గర ఒకే స్పీకరున్న చిన్న పెట్టె ఉండేది. దాన్ని నేల మీద, తన కాళ్ళ పక్కన పెట్టుకునేవాడు. వెనక డ్రమ్స్, పక్కన కీబోర్డు. ఆ హోరులో తన వాయింపు తనకే వినపడేది కాదు. కారణం చాలా చిన్నది. గిటారు స్పీకరు తన ముఖం ఎటు ఉంటే అటే సూటిగా పలుకుతుంది. అది గవర్రాజు మోకాళ్ళకు చక్కగా వినిపించేది, కానీ మనిషికి చెవులు అక్కడ లేవు కదా. పెట్టెను కాస్త పైకి వంచి పెట్టుకుంటే సరిపోయేది. ఆ ఆలోచన అతనికి రాలేదు. చుట్టుపక్కల ఏ పార్టీలోనూ ఎవరికీ రాలేదు. పెట్టె అన్నాక నిటారుగా నిలబెట్టడమే ఆనవాయితీ. ఈలోగా భీమవరం పార్టీ గిటారిస్టు రెండు స్పీకర్ల పెట్టె కొన్నాడని కబురొచ్చింది. దాంతో గవర్రాజుకు అన్నం సహించలేదు. నాలుగు పెట్టించాలని తీర్మానించుకున్నాడు.

స్పీకర్లు కొనడానికి మొగుడూ పెళ్ళాలిద్దరూ విజయవాడ వెళ్ళారు. అక్కడ జరిగింది నాకు ఆ స్పీకర్లే చెప్పాయి. గవర్రాజు ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని, బోర్లించి, వెనకున్న అయస్కాంతం బరువు చూశాడట, సంతలో గుమ్మడికాయను చూసినట్టు. కొట్టాయన రెండు రకాలను ఒకదాని తర్వాత ఒకటి తగిలించి వినిపించాడు. మొదటిది గట్టిగా, పదునుగా మోగింది. రెండోది అదే వాల్యూమ్‌లో కొంచెం తగ్గి, గుండ్రంగా పలికింది. కొట్లో నిలబడి వింటే ఎవరికైనా గట్టిగా మోగిందే మంచిదనిపిస్తుంది. అమ్మేవాళ్ళకు ఆ రహస్యం తెలుసు.

సత్యవేణిని ఎవరూ అడగలేదు. అయినా చెప్పింది.

"ఆ రెండోది బాగుందండీ. మొదటిది అరుస్తంది."

పందిరి చివరిదాకా వినపడాలంటే అరవాలి మరి, అన్నాడు గవర్రాజు. మొదటి రకమే నాలుగు కట్టించుకున్నాడు.

నన్ను చేసిన వడ్రంగి సూర్యాచారి. పందిరి మంచాలకు, పెళ్ళి బీరువాలకు పేరున్నవాడు. గిటారు పెట్టె అంతకుముందు ఎన్నడూ చేయలేదు కాబట్టి, అత్తారింటికి పంపే బీరువా మీద పెట్టినంత శ్రద్ధ నా మీదా పెట్టాడు. మందపాటి ప్లైవుడ్డు, అతుకు అతుకుకీ జిగురు, దాని మీద మరలు, పైన నల్ల రెక్సిను, మూలలకు ఇనుప తొడుగులు. మధ్యలో పని ఆపి ఒక సందేహం అడిగాడు.

"ఎనకాల తెరిసి ఒదిలెయ్యమంటారా, మూసెయ్యమంటారా?"

వెనక తెరిచిన పెట్టె తన శబ్దాన్ని వెనక్కి కూడా పంచుతుంది. వేదిక మీద ఉన్నవాళ్ళకు తలా కాస్త అందుతుంది. మూసిన పెట్టె అంతా ముందుకే తోస్తుంది. గవర్రాజు ఆలోచించనైనా లేదు. వెనక్కి పోయేదంతా దండగే కదా, మూసెయ్యమన్నాడు.

"ఆయ్, అలాగేనండి. మరి దీన్ని మోసేదెవరండీ?" అన్నాడు చారి.

తర్వాత పార్టీలో అందరూ వంతులవారీగా మోశారు. మోసిన ప్రతివాడూ నన్నూ, చారినీ కలిపి తిట్టాడు.

ఆర్కెస్ట్రాల్లో ఒక పద్ధతి ఉంది. అన్నిటికంటే పెద్ద పెట్టె వేదిక నడిమధ్యన, బ్యానరు కింద ఉండాలి. పార్టీ స్థాయి జనానికి తెలియాలి కదా. పాడే ఆడమనిషి కూడా నడిమధ్యనే, ముందు నిలబడాలి. అందుకని నన్ను ఒక బల్ల ఎక్కించి సత్యవేణి వెనకాల పెట్టారు. నా పై వరస స్పీకర్లు రెండూ సరిగ్గా ఆమె తల ఎత్తుకు వచ్చాయి. గవర్రాజు నా పక్కన నిలబడేవాడు. నేను పలికేది ముందున్నవాళ్ళకు గుచ్చుకుంటుంది, పక్కనున్నవాడికి అందదు. నాలుగు స్పీకర్లు పెట్టించినా తన వాయింపు తనకు వినపడలేదని అతను ఆశ్చర్యపోయాడు. ఆశ్చర్యపోయి, పెంచాడు.

అతను పెంచితే ఆమె గొంతు పెంచేది. ఆమె గొంతు పెంచితే, ఇవాళ మంచి ఊపు మీదుంది అనుకుని అతను ఇంకాస్త పెంచేవాడు. మైకు పెంచమని ఆమె సైగ చేస్తే, నా శబ్దమే ఆ మైకులో దూరి కీచుమనేది. తగ్గించమని చాలాసార్లు అడిగింది. నాకే వినపడట్లేదు, ఇంకేం తగ్గించను అనేవాడు. అతను అబద్ధమాడలేదు. నిజంగానే వినపడేది కాదు. పెట్టెకు ఇష్టాయిష్టాలు ఉండవంటారు. కానీ పాట పైస్థాయికి వెళ్ళిన ప్రతిసారీ ఆమె మెడ నరాలు బిగుసుకోవడం వెనకనుంచి నాకు కనిపించేది, చూసి బాధపడేవాడిని.

కొన్నేళ్ళకు ఆమె గొంతు బొంగురుపోయింది. గవర్రాజు ముందు కూల్‌డ్రింకుల మీద నింద వేశాడు. తర్వాత ఐస్‌క్రీముల మీద, ఆ తర్వాత పెరుగు మీద. మే నెలలో ఆమె మెడకు మఫ్లరు చుట్టించాడు. పార్టీలో తలకొక వైద్యుడు తేలాడు. ఒకరు మిరియాల పాలన్నారు, ఒకరు బుగ్గన కరక్కాయ పెట్టుకోమన్నారు. అన్నీ అయ్యాక కాకినాడలో గొంతు డాక్టరుకు చూపించారు. స్వరతంతువుల మీద కాయలు కాశాయన్నాడు ఆయన. గవర్రాజు చేతులు చూసి, తీగలు నొక్కి నొక్కి మీ వేళ్ళకు కాసినట్టే, అన్నాడట. పూర్తిగా మౌనంగా ఉండాలి, గుసగుసలాడినా ఒప్పుకోనన్నాడు. అలా ఉంటే మాట వస్తుంది. పాట వస్తుందో రాదో మాత్రం తాను చెప్పలేనన్నాడు.

ఆ ఇంట్లో మాట ఆగిపోయింది. ఏదైనా కావాలంటే సత్యవేణి చప్పట్లు కొట్టేది. కచేరీలు తగ్గి నేను కూడా వాళ్ళ వీధిగదిలోనే ఉండేవాడిని కాబట్టి అన్నీ చూశాను. ఆమె పాడదేమోనన్న భయం గవర్రాజును తినేసేది. ఆ నిశ్శబ్దంలో ఉండలేక గిటారు ముందేసుకుని గంటలకొద్దీ వాయించేవాడు. పక్కింటివాళ్ళు గోడ బాదారు. చివరికి నా వెనక చెక్క విప్పి, మూడు స్పీకర్ల తీగలు ఊడదీసి, ఒక్కదాన్ని మాత్రం ఉంచాడు. తాను మాత్రం ఎప్పటిలాగే నా పక్కన కూర్చుని, ఎప్పటిలాగే పెంచేవాడు.

ఇక కొద్దికొద్దిగా మాట్లాడవచ్చని డాక్టరు చెప్పిన వారం అది. సత్యవేణి ఇంకా నోరు విప్పలేదు. ఒక మధ్యాహ్నం వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, అతని మెడలోంచి గిటారు తీసేసింది. కుర్చీ తెచ్చి నా ఎదురుగా, ఒకప్పుడు తన మైకు ఉండేంత దూరంలో వేసింది. అతన్ని నాకు వీపు పెట్టి కూర్చోబెట్టింది. పెరట్లోంచి రెండు ఇటుకలు తెచ్చి నా ముందు అంచు కింద దోపింది. పలికే ఆ ఒక్క స్పీకరూ అతని చెవికి ఎదురైంది. ఆమెకు గిటారు రాదు. బొటనవేలితో ఆరు తీగలనూ ఒక్కసారిగా మీటింది.

గవర్రాజు కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. గోడమీది పటాలు గలగలలాడాయి. వెనక్కి తిరగబోతే ఆమె భుజం పట్టి కూర్చోబెట్టి మళ్ళీ మీటింది. మళ్ళీ మీటింది. అతను రెండు చెవులూ మూసుకునేదాకా ఆపలేదు.

"స్టేజి మీద నీకిలాగే ఉండేదా?" అన్నాడు చెవుల మీంచి చేతులు తీసి.

ఆమె గిటారును గోడకు ఆనించింది. కంకర మీద గోనెసంచి ఈడ్చినట్టున్న గొంతుతో అంది.

"ఇది ఒకటే కదండీ. అక్కడ నాలుగు."

ఇన్నేళ్ళుగా నన్ను మోయించి, తుడిచి, కొత్త రెక్సిను వేయించినవాడు నన్ను వినడం అదే మొదటిసారి. నేను వినడానికి బాగోలేను. ఆ సంగతి అతని ముఖంలో చూసి నాకే సిగ్గేసింది.

వారం తిరక్కుండా నన్ను సూర్యాచారి దగ్గరికి తీసుకెళ్ళి, కోసి ఒక్క స్పీకరు పెట్టె చేయమన్నాడు. చారి నొచ్చుకున్నాడు. తాను వేసిన అతుకు ఊడదని చెప్పి, ఊడదీయలేక రంపం పెట్టాడు. నాలో నాలుగో వంతే మిగిలింది. ఈసారి వెనక తెరిచే ఉంచమన్నాడు గవర్రాజు. స్పీకరు కోసం మళ్ళీ ఇద్దరూ విజయవాడ వెళ్ళారు. కొట్టాయన రెండు రకాలూ మోగించాడు. గవర్రాజు చెయ్యి అలవాటుగా అయస్కాంతం వైపు పోయి, మధ్యలో ఆగింది. సత్యవేణి రెండోదాన్ని వేలితో చూపించింది.

కోయగా మిగిలిన చెక్కతో చారి ఒక వాలు దిమ్మ చేశాడు. దాని మీద నన్ను గవర్రాజు కాళ్ళ దగ్గర, ముఖం పైకెత్తి పెడతారు. నన్ను ఎత్తిపట్టే ఆ చెక్క కూడా నేనే. ఇంత చిన్న పెట్టెనా అని భీమవరం వాళ్ళు నవ్వారని విన్నాను.

వానాకాలం వెళ్ళాక ఆమె గొంతు తిరిగొచ్చింది, పూర్తిగా కాదు. పై స్వరాలు పోయాయి. పాటలన్నిటికీ శ్రుతి దించాల్సి వచ్చింది. దాంతో గవర్రాజు వేళ్ళకు అలవాటైన చోట్లన్నీ మారిపోయాయి. రోజూ పొద్దున్నే కూర్చుని వచ్చిన పాటలనే రానివాడిలా మళ్ళీ నేర్చుకున్నాడు. ఆమెకు క్షమాపణ చెప్పగా నేను వినలేదు. నేర్చుకోవడం మాత్రం విన్నాను.

ఇప్పుడు వాళ్ళు కచేరీలు మానేశారు. నేను వీధిగదిలో కిటికీ పక్కన ఉంటున్నాను, నా మీద పూలకుండీ ఉంది. చూసిన వేదికలన్నీ కలగాపులగమైపోయాయి గానీ, నిడదవోలులో ఒక పగటి పెళ్ళి మాత్రం విడిగా గుర్తుంది. మేము మళ్ళీ మొదలుపెట్టిన తొలి కచేరీ అది. జనం భోజనాల హడావుడిలో ఉన్నారు. గవర్రాజు తనకొక్కడికే వినపడేంతగా తగ్గించుకుని, తలదించుకుని వాయిస్తున్నాడు. పల్లవి అయింది. గిటారు బిట్టు అయ్యాక ఆమె చరణం అందుకోవాలి. అందుకోలేదు. మైకు పక్కకు తీసి వెనక్కి తిరిగింది. అన్నేళ్ళూ వేదిక మీద నేను చూసింది ఆమె వీపునే. పాట మధ్యలో ఆమె ముఖం చూడడం నాకదే మొదలు.

"కొంచెం పెంచండి. మీరు వినపడట్లేదు."

గవర్రాజు గిటారుకున్న వాల్యూమ్ మీద చిటికెన వేలు వేశాడు. వేసిన వేలు అక్కడే ఉండిపోయింది. తిప్పడానికి భయపడ్డాడు. బిట్టు అయిపోతే మళ్ళీ మొదటినుంచి వాయించాడు, కీబోర్డు అతను అయోమయంగా చూశాడు. ఆమె కదల్లేదు. గవర్రాజు ఆ వాల్యూమ్ తిప్పేదాకా, నేను ఆమెకు వినపడేదాకా, అలా మా వైపే చూస్తూ నిలబడి, అప్పుడు చరణం అందుకుంది.