బండలు పట్టుకున్న ఆట

శుక్రవారం పొద్దున కాలేజీ హాలును తిరుమలమ్మ కడిగే తీరు ఎప్పుడూ ఒకటే. రెండు బిందెల నీళ్లు, ఒక చీపురు, నోటినిండా తిట్లు. తిట్లు ఆడపిల్లలకు కాదు, బండలకు. ఆ హాల్లో పరిచిన కడప బండల మీద ఎవరైనా నాట్యం ఆడితే అడుగులు ఎర్రగా నిలిచిపోయేవి. నడిస్తే పడవు, పరిగెత్తినా పడవు, ఆడితేనే. చూడాల్సిన మనిషి వచ్చి చూసేదాకా చీపురుకు లొంగవు. కొత్తగా చేరిన పిల్లలకు బావి ఎక్కడుందో, గంట ఎవరు కొడతారో చెప్పినట్టే ఈ సంగతీ చెప్పేవాళ్లు. డ్రాయింగు అయ్యవారు కుప్పుస్వామి ఏటా కాలేజీ పండగకు గోడల నిండా పిల్లల బొమ్మలు తగిలించి, నేలమీది అడుగుల చుట్టూ పురికొస కట్టి వాటికీ ఒక నంబరు చీటీ పెట్టేవాడు.

ఆ ఏడు గోడమీద పందొమ్మిదో నంబరు రుక్మిణిది, ఎద్దు బొమ్మ. మధ్యాహ్నం మూడింటికి ఆట కూడా ఆమెదే. పొద్దుటినుంచీ ఆ పిల్ల అన్నం ముట్టలేదు.

తప్పు ఆమెదే. వడమాలపేటలో ఉన్న నాయన మునిరామయ్యకు జాబు రాస్తూ, "కాలేజీ పండగలో నేను ఆటలో ఉండాను, నువ్వు రావాల నాయనా" అని రాసింది. తన మనసులో ఆట అంటే నాట్యమే, నాయన చూడాలన్న ఆశలో ఇంకేమీ తోచలేదు. ఆయన దగ్గరనుంచి జవాబొచ్చింది: "ఎండలో బంతాట ఆడేటప్పుడు తలకు ఆముదం పెట్టుకో అమ్మణ్ణీ. తప్పకుండా వస్తా." అప్పుడే దిద్ది రాయాల్సింది. కలం పట్టుకుని కూర్చుంది గాని మళ్లీ కింద పెట్టేసింది. పుత్తూరులో ఉండే మేనత్త తాయమ్మ అక్కడే సంబంధం చూసిపెట్టి కాచుకోనుంది. నాయన ఆమెకు మాటిచ్చినాడు, చదువుకు పంపినా గాని నలుగురి ముందర గజ్జె కట్టిందని తెలిస్తే ఆ పొద్దే పెట్టె సర్దించి తోడుకొస్తానని. అందుకే రుక్మిణి ముందే పెట్టె సర్దేసుకుంది. ఎవరో లాగి సర్దించేకంటే అదే మేలనుకుంది.

యుద్ధం అయిపోయినా పెట్రోలు దొరక్క బస్సులింకా బొగ్గుతోనే నడిచేవి. రెండింటికి రావాల్సిన బస్సు మూడైనా రాలేదు. రుక్మిణి వాకిలి వైపు చూస్తూనే ఆడింది. తప్పిపోయిన దూడను వెతుక్కునే మనిషి ఆట అది, తనే కూర్చుకున్నది. అయిపోయేసరికి అందరూ చప్పట్లు కొట్టినారు. నాయన చూడలేదని గుండె తేలికపడింది. చూడలేదే అని మరుక్షణమే ఏడుపొచ్చింది.

కాళ్లకింద చూసుకుంటే బండలన్నీ ఎరుపు.

జంపఖానా తెచ్చి పరిచింది. అడుగులు జంపఖానా పైకి తేలినాయి. చాప వేసింది. చాపమీదికీ వచ్చినాయి.

"తియ్యి తల్లీ, అది ఇరవైమూడో నంబరు," అన్నాడు కుప్పుస్వామి, పురికొస చుట్ట విప్పుతూ.

"ఎంత కప్పితే ఏముండాది మే," అంది తిరుమలమ్మ. "చూడాల్సినోళ్లు చూడంది అయ్యి పోవు. నేను కడగని కడుగుడా?"

అయిదింటికి మునిరామయ్య వచ్చినాడు, తలగుడ్డ నిండా బొగ్గు మసితో. "చింతమానుకాడ బస్సు నిలిచిపోయింది. అందరం దిగి తోసినాం. ఆట అయిపోయిందా?"

"అయిపోయింది నాయనా," అంది.

ఆయన గోడ వెంబడి ఒక్కో బొమ్మా చూస్తూ పోయినాడు. ఎద్దు ముందర నిలబడి, "గిట్ట సరిగ్గా పెట్టినావు," అని మెచ్చుకున్నాడు. తర్వాత కళ్లు కిందికి దించినాడు. ఊళ్లో ఎవరి గొడ్డు తప్పిపోయినా జాడ తీసేది ఆయనే. చిన్నప్పుడు నాగటి కర్రు తగిలి పక్కకు తిరిగిపోయిన కూతురి ఎడమకాలి చిటికెన వేలును ఆయన గుర్తుపట్టకుండా ఉంటాడా? గొంతుక్కూర్చుని చాలాసేపు చూసినాడు.

ఆయన లేచి పురికొస దాటి, మొదటి అడుగుమీద తన కాలు పెట్టినాడు. జాడ తీసేవాడి అలవాటు అది.

"ఈడ వంగింది," అన్నాడు తనలో తను. "ఈడ నిలబడి చెవి పెట్టింది."

అడుగు వెంట అడుగు. ఒకచోట చెయ్యి దానంతటదే కళ్లకు అడ్డం పోయింది. ఒకచోట ఒంటికాలిమీద తిరిగినాడు. పంచె ఎగ్గట్టిన ముసలి రైతు హాలంతా తిరుగుతుంటే నవ్వినవాళ్లు లేరు. చివరి జత అడుగులమీదికి వచ్చి ఆగినాడు. ఎదురుగా రుక్మిణి.

"ఇది నా నడక కదా," అన్నాడు ఆయాసపడుతూ.

"నీదే నాయనా. ఎర్రావు దూడ తప్పిపోయినపొద్దు వానలో నువ్వు తిరిగినావే, అది. నేను నీ ఎనకాలే వచ్చినాను."

"ఆరేండ్ల బిడ్డవి. నిన్ను ఇంటికి పొమ్మన్నా."

"పోలేదు."

ఆయన తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. మసి ఇంకా పులుముకుంది. "ఆ దూడ దొరకలేదు గదమ్మణ్ణీ. మూడుదినాలు తిరిగినా."

"ఆటలో దొరికింది నాయనా. నువ్వు నిలబడిండేది ఆడనే."

మునిరామయ్య కిందికి చూసుకున్నాడు. కూతురి అడుగులు ఒక్కొక్కటే బండల్లోకి ఇంకిపోతున్నాయి. ఆయన కళ్లలో నీళ్లు తిరిగినాయి. దాచుకోవాలని కూడా అనుకోలేదు.

"పెట్టె సర్దినాను నాయనా," అంది రుక్మిణి నేల చూస్తూ.

"విప్పేయ్."

"అత్త అడిగితే?"

"ఆట ఆడిందని చెప్తా, అబద్ధమా అది? బంతాటనుకుంటే నేనేం జేసేది?" అని చెప్పులు వెతుక్కున్నాడు. తిరుగు బస్సు తప్పిపోతుందని ఆయన తొందర.

తర్వాతి శుక్రవారం తిరుమలమ్మ రెండు బిందెలు కుమ్మరించి, చీపురు అరిగేలా రుద్దింది. పగిలిన మడమల పెద్ద అడుగులు, మునిరామయ్యవి, హాలంతా ఎర్రగా అలాగే ఉన్నాయి. ఈసారి చూడాల్సిన మనిషి మేనత్తేనని రుక్మిణి చెప్పినాక, ఆ తాయమ్మ పుత్తూరునుంచి ఎప్పుడొస్తుందో ఏమోనని బండలను తిట్టుకుంటూ బిందెలెత్తుకుంది. గంట కొట్టినారు. రుక్మిణి పుస్తకాలు గుండెకు హత్తుకుని, ఆ అడుగులను తొక్కకుండా పక్కనుంచి నడిచి క్లాసుకు పోయింది.