ఏడవని కన్ను

అక్క పెట్టుడు కన్ను అచ్చం అసలుదానిలాగే ఉందని అందరూ అనేవారు. అక్కకీ తమ్ముడికీ మాత్రం అది కొంచెం ఎర్రగా కనిపించేది. నూలుకు రంగులు వేసే ఇంట్లో పుట్టినవాళ్ళకి తెలుపులో కలిసిన ఎరుపు దాగుతుందా?

తమ్ముడు ఆమెను మళ్ళీ కళ్ళు తయారుచేసే ఆయన దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన కిటికీ వెలుతురులో చూసి నాలిక కరుచుకున్నాడు.

"తప్పు నాదేనమ్మా. పోయినసారి ఏడ్చి వచ్చావు. ఎర్రబడ్డ కంటికి జత చేసి, నరాల్లా కనిపించే ఎర్రపోగులు ఎక్కువ పరిచేశాను. రేపు పొద్దున్నే రండి. ఈలోగా ఏడవకు."

గుమ్మడికాయల దొంగలా తమ్ముడు భుజాలు తడుముకున్నాడు. ఆ రోజు ఆమె ఎందుకు ఏడ్చిందో అతనికి తెలుసు మరి.

కాస్టిక్ సోడాను నీళ్ళలో వెయ్యాలి. సోడా మీద నీళ్ళు పోస్తే కుతకుతలాడి ముఖం మీదికి చిమ్ముతుంది. వాళ్ళింట్లో చిన్నపిల్లలకి కూడా తెలుసు ఆ సంగతి. తొందరలో ఉన్న ఈ మహానుభావుడు సోడా ముందే తొట్టిలో ఒంపి, "అక్కా, నీళ్ళు పొయ్యి" అని కేకేశాడు. తొట్టి ఖాళీ అనుకుని ఆమె పోసింది. తర్వాత ఆసుపత్రిలో, "సోడా వేశానని చెప్పాను కదా, నువ్వే వినలేదు" అన్నాడు. పాపం, నమ్మింది. తన చేతులారా కన్ను పోగొట్టుకున్నానని కుమిలిపోయింది. మళ్ళీ రంగుల కొట్టంలో తొట్టి జోలికి పోలేదు.

ఇంటికి వెళ్ళే దారిలో నిజం నాలిక చివరిదాకా వచ్చింది. కానీ చెబితే ఏడుస్తుంది, రేపటి పని చెడుతుంది. చెప్పకుండా ఉండటానికి ఇంత మంచి సాకు దొరికినందుకు అతని మనసు తేలికపడింది. ఆ వెంటనే తన మీద తనకే అసహ్యం వేసింది.

మర్నాడు ఆయన తెలుపులో చిటికెడు పసుపు రంగు కలిపాడు. వెంట్రుకకన్నా సన్నని ఎర్రపోగులు పట్టకారుతో ఒక్కొక్కటే అమర్చాడు. సాయంత్రానికి కన్ను కుదిరింది. అక్క అద్దంలో చూసుకుని నవ్వింది.

ఆ నవ్వు తమ్ముడు భరించలేకపోయాడు.

"అక్కా, ఆ రోజు సోడా వేశానని నేను చెప్పలేదు. చెప్పానని అబద్ధమాడాను."

ఆమె అద్దం దించలేదు. అందులోంచే అతన్ని చూసింది. అసలు కన్ను ఎర్రబడి నీళ్ళు నిండాయి. కొత్తది తెల్లగా అలాగే ఉండిపోయింది.

"కన్ను పోయినందుకు కాదురా," అంది చివరికి. "ఇన్నాళ్ళూ నా చేతుల్ని నేనే నమ్మలేదు. నువ్వు చూస్తూ ఊరుకున్నావు."

అతను ఏదో అనబోయాడు.

"ఏం మాట్లాడకు. కొట్టం తాళంచెవి ఇటివ్వు. రేపటినుంచి రంగులు నేను కలుపుతాను. నువ్వు తొట్టి దగ్గరికి రాకు."

అతను జేబులోంచి తాళంచెవి తీసి ఇచ్చాడు.