పైవరుసలో తెల్ల గుర్రం

నేను ఒక సున్నపురాయిని. బవేరియా గనిలో పలకగా కోసి, పారిస్‌లోని ఒక అచ్చుకూటానికి అమ్మారు. ఇసుకతో నున్నగా రుద్ది, జిడ్డు పెన్సిలుతో నా మీద బొమ్మ గీస్తారు. సిరా పూసి వేల కాగితాల మీద అచ్చు వేస్తారు. పని అయిపోగానే ఆ బొమ్మను అరగదీసి మరొకటి గీస్తారు. నాకు నొప్పి తెలియదు. ఈ ఉద్యోగానికి కావలసిన అర్హత అదొక్కటే.

నా మీద గీసేవాడు గాస్తోన్ అనే వ్యంగ్య చిత్రకారుడు. ఏటా జరిగే పెద్ద చిత్రప్రదర్శనకు వెళ్లి, చిత్రాలను వదిలేసి చూడవచ్చినవాళ్లను చూసి వచ్చేవాడు. గొప్ప చిత్రం ముందు నిలబడి రాత్రి భోజనం గురించి మాట్లాడుకునే దంపతులు, నగ్నచిత్రం దగ్గర కళ్లద్దాలు తుడుచుకునే పెద్దమనుషులు. వాళ్లే మళ్లీ అతని బొమ్మలు పడే పత్రిక కొనుక్కుని, పక్కవాణ్ణి గీశాడనుకుని నవ్వుకునేవారు.

అక్కడ చిత్రాలను నేల నుంచి పైకప్పు దాకా చట్రానికి చట్రం ఆనించి వేలాడదీసేవారు. పేరున్నవాళ్లవి కళ్లెదుట, పేరులేనివాళ్లవి అందనంత ఎత్తున. ఒకసారి గాస్తోన్, టోపీ జారిపోతున్నా మెడ విరిచి పైకే చూస్తున్న ఒక ముసలావిడను గీశాడు. కింద 'పైకప్పుకు సున్నం బాగా వేశారు' అని రాశాడు. ఆమె చూస్తున్న చట్రాన్ని ఖాళీగా వదిలేశాడు. ఊరంతా నవ్వింది.

ఆ వారంలోనే ఆవిడ అచ్చుకూటానికి వచ్చింది. పేరు ఓబ్రె, పల్లెటూరి మనిషి. కోప్పడలేదు. ఆ పైనున్నది తన కొడుకు వేసిన చిత్రమట. అతను ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో మంచం దిగలేకుండా ఉన్నాడు. ఆమె రోజూ చూసి వచ్చి, చిత్రం ఎలా ఉందో, ఎవరు ఆగి చూశారో అతనికి చెబుతుంది.

"నన్ను చూసి నవ్వుకోనీండయ్యా. ఆ ఖాళీలో మావాడి బొమ్మ గీసి ఒక్క కాగితం ఇప్పించండి. వాడికి చూపించుకుంటాను" అంది.

గాస్తోన్ చెడ్డవాడు కాడు. నన్నింకా అరగదీయలేదు కనుక, ఆమె చెబుతుంటే అప్పటికప్పుడే గీశాడు. ఏటి రేవులో తెల్ల గుర్రం, కుడివైపున వాళ్ల ఇల్లు. రాతి మీద ఏదైనా తిరగేసి గీయాలి, అచ్చులో కుడి ఎడమవుతుంది. అది అతనికి అలవాటైన పనే. ఆవేళ మాత్రం ఆమె మాటల వెంటే చెయ్యి నడిచి, విన్నది విన్నట్టు గీసేశాడు. తడి ఆరని కాగితాన్ని సంబరంగా రెండు చేతులా పట్టుకుని ఆవిడ వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు మళ్లీ వచ్చి, ఆ కాగితాన్ని బల్ల మీద పెట్టింది.

"ఇల్లు ఎడమవైపు పడిందయ్యా. మావాడు చాలాసేపు చూశాడు. అంత ఎత్తున నీకేమీ కనబడలేదమ్మా, ఇన్నాళ్లూ నా కోసం కల్పించి చెప్పావు, ఇంక వెళ్లకు అన్నాడు. నాకైతే కుడివైపే కనబడింది. ముసలి కళ్లు, ఏం చెప్పను."

గాస్తోన్ కాగితాన్ని చూశాడు, నన్ను చూశాడు. తప్పు ఎవరిదో అతనికి తెలిసిపోయింది. ఆ ఒక్క మాట చెబితే ఆవిడ ఆసుపత్రికి పరుగెత్తేది. కానీ పనివాళ్లు వింటున్నారు. అంత ఎత్తున ఎవరికైనా అంతేనమ్మా అన్నాడు. ఆవిడ తలూపి వెళ్లిపోయింది. ఆ సాయంత్రమే నన్ను అరగదీశారు.

ఇప్పుడు ఒక మ్యూజియంలో గాజు పెట్టెలో ఉన్నాను. నా మీద మరెవరో గీసిన చివరి బొమ్మ మిగిలింది. చూడవచ్చినవాళ్లు వంగి, తిరగబడిన అక్షరాలు చదవబోయి, భోజనం సంగతి మాట్లాడుకుంటూ వెళ్లిపోతారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. గాస్తోన్ మీదా లేదు, కోపమంటే ఏమిటో రాయికి తెలియదు. అతను చెప్పలేదు కనుక చెబుతున్నాను, అంతే. ఆవిడ కళ్లు బాగానే ఉండేవి. ఇల్లు కుడివైపే ఉంది.