గంగులు పట్టుకెళ్లిన నెత్తురుచుక్కలు

గంగులు మలేరియా శాఖలో చేరి ఏడేళ్లయింది. పదిహేను రోజులకోసారి పాతపట్నం చుట్టుపక్కల ఊళ్లన్నీ సైకిలు మీద తిరగడం, జ్వరమన్నవాళ్ల వేలు గుచ్చి గాజుపలక మీద నెత్తురుచుక్క తీసుకోవడం, మాత్రలిచ్చి, గోడ మీద తేదీ వేసి వెళ్లడం, అదీ అతని ఉద్యోగం. మోకాళ్లు అరిగాయి గానీ తిరగాల్సిన ఊళ్లు తగ్గలేదు.

అరవై ఎనిమిది వానాకాలంలో ఒక ఊళ్లో కూర్మమ్మ అనే ముసలామె అతన్ని గుమ్మంలోనే ఆపేసింది. లోపల ఆమె కోడలు తాయారు దుప్పటి కింద వణుకుతోంది. ఆ పిల్ల అప్పటికి మూడుసార్లు వేలు ఇచ్చింది.

"అట్టుకెల్లిన నెత్తురు ఏటి సేత్తన్నారు బాబూ? రోగం ఉన్నాదో నేదో ఒక్కపాలైనా సెప్పినావా?" అంది కూర్మమ్మ.

 గంగులు ఆ సాయంత్రమే ఆఫీసుకెళ్లి వాకబు చేశాడు. మైక్రోస్కోపులో పలకలు చూసే ఉద్యోగికి బదిలీ అయి రెండు నెలలైందనీ, కొత్తవాడు రాలేదనీ గుమాస్తా తాపీగా చెప్పాడు. గంగులు తెచ్చిన పలకలన్నీ కట్టిన కట్టలు కట్టినట్టే పెట్టెలో ఉన్నాయి. కోపం తెచ్చుకోడానికి కూడా అతనికి ఓపిక లేకపోయింది. కూర్మమ్మ ఊరివి పన్నెండు ఏరి రుమాల్లో చుట్టుకున్నాడు.

మర్నాడు ఆమదాలవలసలో రైలెక్కి విజయనగరం వెళ్లాడు. అక్కడి ఆఫీసులో మైక్రోస్కోపు పని చేసే జగన్నాధం అతనికి పాత స్నేహితుడు. చేతిలో పని పక్కన పెట్టి ఒక్కొక్క పలకే చూశాడు. మూడు పలకల్లో మలేరియా పురుగు కనిపించింది. ఒకటి తాయారుది.

"మిగతా ఊళ్లవో?" అని అడిగాడు జగన్నాధం.

"పెట్టంతా మొయ్యలేకపోనాను" అన్నాడు గంగులు.

ముందిచ్చిన మాత్రలు చాలవు, ఆ ముగ్గురికీ ఐదు రోజులు ఎదురుగా నిలబడి మాత్రలు మింగించాలి. బురదలో రోజూ ఎనిమిది మైళ్లు తొక్కాడు. జరిగిందంతా దాచకుండా కూర్మమ్మకు చెబితే, ఆమె తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. నీళ్లు మాత్రం తెచ్చిచ్చింది. మూడో రోజు, అనుమతి లేకుండా ఊరు విడిచినందుకు సంజాయిషీ ఇమ్మని ఆఫీసు కాగితం వచ్చింది. పెట్టెలో మిగిలిన పలకల సంగతి ఆ కాగితం వెనకవైపే రాసి పంపాడు.

ఐదో రోజుకి తాయారు లేచి వాకిలి ఊడుస్తోంది. ఆఖరి మాత్ర మింగి మొహం చిట్లించింది. కూర్మమ్మ చెంబుతో అంబలి తెచ్చేసరికి గంగులు అరుగు మీద గోడకు చేరబడి నిద్రపోతున్నాడు.

తాయారు పిలవబోయింది.

"లేపకే. పడుకోనీ" అంది కూర్మమ్మ. చెంబు మీద మూత పెట్టి, అతని పక్కనే ఈగలు తోలుతూ కూచుంది.