సొంత రింగులో రెండు పాయింట్లు

ఆ ఇంట్లో ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు ఆసుపత్రిలో నర్సు. చిన్నకోడలు చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో మిషను మీద పని చేస్తుంది. పెద్దకోడలు ఏ పని చేసినా ఇంట్లోవాళ్ళు ఆహా అంటారు, చిన్నకోడలు ఏ పని చేసినా అయ్యో అంటారు. దీన్ని పక్షపాతం అనడానికి కూడా వీల్లేదు. చిన్నకోడలు నిజంగానే టీలో ఉప్పు వేసిన మనిషి. తాళంచెవి లోపలే పెట్టి తలుపు లాగేసిన మనిషి. ఇక కుడి ఎడమల సంగతి చెప్పనే అక్కర్లేదు. "కుడివైపు తిరుగు" అంటే, రాసే చెయ్యి ఏదో గాల్లో ఒకసారి ఆడించి చూసుకుని, ఆ తర్వాత తిరుగుతుంది. తికమక అని ఆమెకు పేరు పెట్టింది పెద్దకోడలే. ఆ పేరు ఇంట్లోంచి ఫ్యాక్టరీ దాకా పాకింది. ఎలా పాకిందో అడిగితే అందరూ పక్కవాళ్ళని చూపిస్తారు. మనమూ అలాగే పిలుద్దాం, ఆమె ఏమీ అనుకోదు. అనుకుంటుంది గానీ పైకి అనదు.

ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ల వరసలు దాటాక, కిటికీ పక్కన ఒక పెద్ద బల్ల ఉంటుంది. దాన్ని చెకింగ్ టేబుల్ అంటారు. కుట్టిన ప్రతి చొక్కా చివరికి అక్కడికే చేరుతుంది. కాలరు వంకరపోయిందా, గుండీ వదులుగా ఉందా, దారం వేలాడుతోందా అని చూసి, బాగాలేనిదాన్ని వెనక్కి కొట్టే చోటు అది. అక్కడ కూర్చునే పెద్దావిడ రిటైరవుతోంది. ఆ కుర్చీ మీద తికమక గంపెడాశ పెట్టుకుంది. ఒళ్ళు అలిసే పని కాదని కొంత, కిటికీ గాలి కోసం కొంత. అసలు కారణం వేరే. ఇంతకాలం అందరూ తన తప్పులు పట్టినవాళ్ళే. ఒక్కసారైనా తను ఇంకొకరి తప్పు పట్టాలని ఆమెకు మహా కోరికగా ఉంది. జీవితంలో పొరపాటు చేయనివాళ్ళకి ఈ కోరిక అర్థం కాదు, వదిలేయండి.

ఆ కుర్చీ ఎవరికివ్వాలో మేనేజరుకి పేరు చెప్పేది ఫ్లోర్ ఇన్‌ఛార్జి. ఆయన దగ్గరికెళ్ళి అడిగితే, "చూద్దాంలే అమ్మా" అన్నాడు. ఆయన "చూద్దాం" అంటే ఎంత చూస్తాడో ఫ్యాక్టరీలో అందరికీ తెలుసు. పైగా, ఒక పూటంతా తికమక కుట్టిన చొక్కాలకి జేబులు కుడివైపు వచ్చిన సంగతి ఆయన ఇంకా మర్చిపోలేదు.

ఈ ఇన్‌ఛార్జే ఫ్యాక్టరీ ఆడవాళ్ళ బాస్కెట్‌బాల్ జట్టుకి కోచ్ కూడా. ఊళ్ళో బ్యాంకులూ, ఆసుపత్రీ, ఫ్యాక్టరీలూ కలిసి ఏటా ఒక లీగు ఆడతాయి. ఈసారి జట్టులో పొడుగువాళ్ళు తక్కువయ్యారని ఆయన తెగ బెంగపడుతుంటే, తికమక తనంతట తాను వెళ్ళి నిలబడింది. ఆమె మంచి పొడగరి. కళ్ళెదుట కనిపిస్తూ ఉంటే ఆయన మనసు మారకపోతుందా అని ఆమె ఎత్తు. ఆయన ఆమెకు ఒకే ఒక్క పని నేర్పాడు. రింగుకి తగిలి బయటికొచ్చిన బంతిని ఎగిరి పట్టుకోవడం, పట్టుకున్నది పట్టుకున్నట్టే మళ్ళీ పైకి వేసేయడం. "నువ్వు ఆలోచించకు. పట్టు, వెయ్యి. అంతే" అనేవాడు. రోజూ డ్యూటీ అయ్యాక ఆమె ఒకే రింగు కింద నిలబడి పట్టడం, వేయడం, పట్టడం, వేయడం. ఇంటికెళ్ళాక గిన్నెలు తోముతున్నా చేతులు పైకే లేచేవి.

లీగు చివరికొచ్చేసరికి ఫైనల్లో ఒక చోటు బ్యాంకువాళ్ళకి ఖాయమైపోయింది. రెండో చోటుకి ఫ్యాక్టరీకీ, ఆసుపత్రి నర్సులకీ పోటీ. నర్సుల జట్టు కెప్టెను మన పెద్దకోడలే. ఇద్దరివీ సమానమైన గెలుపులు గనక పాయింట్ల తేడా చూస్తారట. లెక్కలన్నీ వేసి తేల్చిందేమిటంటే, ఈ మ్యాచ్‌లో ఫ్యాక్టరీ నాలుగు పాయింట్ల తేడాతో గెలవాలి. అంతకు తగ్గితే, గెలిచినా ఇంటికే. అత్తగారు పొద్దున్నే ఇద్దరికీ క్యారియర్లు సర్ది, "కొట్టుకోకండి" అని మాత్రం చెప్పింది.

మ్యాచ్ మొదలైనప్పటి నుంచీ తికమక బెంచీ మీదే ఉంది. మొదటి సగమంతా తనవాళ్ళు దూరంగా ఉన్న రింగు వైపు పరుగెత్తి బంతులు వేయడం చూసింది. రెండో సగంలో జట్లు వైపులు మార్చుకుంటాయని ఆమెకు తెలుసు. తెలియడం వేరు, ఒంటికి పట్టడం వేరు. ఆట ముగియడానికి కాస్త ముందు ఫ్యాక్టరీ అమ్మాయి ఒకతె ఐదో ఫౌల్ చేసి బయటికి రావాల్సి వచ్చింది. ఇన్‌ఛార్జి బెంచీ అటు నుంచి ఇటు చూశాడు, ఇటు నుంచి అటు చూశాడు. ఎంత చూసినా పొడగరి ఒక్కతే.

"వెళ్ళమ్మా. ఎక్కువ ఆలోచించకు" అన్నాడు.

అప్పటికి ఫ్యాక్టరీ రెండు పాయింట్లు ముందుంది. బంతి నర్సుల చేతిలో ఉంది. గడియారంలో సెకన్లు అయిపోవస్తున్నాయి. రెండు పాయింట్లతో ఓడినా ఫైనల్ నర్సులదే, అయినా ఓడటం ఇష్టంలేని పెద్దకోడలు గెలిచే పోదామని దూరం నుంచి మూడు పాయింట్ల బంతి ఒకటి విసిరింది. అది రింగు అంచుకి కొట్టుకుని పైకి లేచింది. తికమక ఎగిరి పట్టుకుంది. పట్టుకున్నది పట్టుకున్నట్టే పైకి వేసేసింది. బంతి బోర్డుకి తగిలి, నెట్టులోంచి హాయిగా కిందికి జారింది. నేర్పినవాడు కూడా అంత బాగా వేయలేడు.

తను వేసిన మొట్టమొదటి బాస్కెట్టు. ఆనందంతో చేతులెత్తి వెనక్కి తిరిగేసరికి తన జట్టంతా గుడ్లు తేలేసి చూస్తోంది. అప్పుడు వెలిగింది. అది తాము వేయాల్సిన రింగు కాదు, తాము కాపాడుకోవాల్సిన రింగు. వాళ్ళ బంతిని వాళ్ళ తరఫున తనే వేసిపెట్టింది. ఎత్తిన చేతులు ఎలా దించాలో ఆమెకు తెలియలేదు.

రిఫరీ విజిల్ వేశాడు. గడియారంలో ఒకే ఒక్క సెకను మిగిలి ఉంది.

ఇక్కడ రూలు కొంచెం చిత్రంగా ఉంటుంది. పొరపాటున ఎవరైనా సొంత రింగులో బంతి వేసుకుంటే ఆ రెండు పాయింట్లూ అవతలివాళ్ళకి చెల్లుతాయి. కావాలని వేసుకుంటే మాత్రం చెల్లవు. బాస్కెట్టు కొట్టేసి, బంతి అవతలివాళ్ళకి ఇచ్చేస్తారు. కావాలని సొంత రింగులో వేసుకునే పిచ్చివాళ్ళు ఎవరుంటారు అంటారా? ఉంటారు. ఫ్యాక్టరీకి రెండు పాయింట్ల గెలుపు దేనికీ పనికిరాదు. ఒక్క సెకనులో ఆ చివరి రింగుకి వెళ్ళి వేయడం ఎవరి వల్లా కాదు. అదే స్కోరు సమమైతే, ఇంకో ఐదు నిమిషాలు అదనంగా ఆడిస్తారు. ఆ ఐదు నిమిషాల్లో నాలుగు పాయింట్లు సంపాదించుకోవచ్చు. అంటే ఇప్పుడు ఫ్యాక్టరీకి కావాల్సింది సరిగ్గా తమ రింగులో తామే వేసుకోవడం. ఆ పనే జరిగింది. కావాలని జరిగిందా, పొరపాటున జరిగిందా అన్నదే తేలాలి.

ఈ ఎత్తు ముందుగా పసిగట్టింది పెద్దకోడలు. పరుగున రిఫరీ దగ్గరికి వచ్చింది.

"సార్, ఇది కావాలని వేసిందే. అదనపు టైము కోసం వేసింది. చెల్లదు."

ఇన్‌ఛార్జి గీత దాటి లోపలికి రాబోయి ఆగి, అక్కడి నుంచే అందుకున్నాడు. "కావాలని వేసే తెలివి ఆమెకెక్కడిది సార్? ఆమెకి కుడీ ఎడమా తెలియదు. మా ఫ్యాక్టరీలో ఎవరినైనా అడగండి. చొక్కాకి కుడివైపు జేబు కుట్టిన మనిషి. ఒకటి కాదు, పూటంతా కుట్టింది."

ఫ్యాక్టరీ అమ్మాయిలందరూ అవునవునన్నారు. ఒకతె ఆమె ఎదురు దిక్కు బస్సెక్కిన సంగతి చెప్పింది, ఇంకొకతె తాళంచెవి సంగతి చెప్పింది. జట్టు కోసం చెబుతున్నారు పాపం, కానీ ఎంత ఉత్సాహంగా చెబుతున్నారో. తికమకకి తల కొట్టేసినట్టయింది. నేల ఎక్కడైనా చీలితే బాగుండుననిపించింది. గ్యాలరీలో మొదటి వరసలో ఫ్యాక్టరీ మేనేజరు కూర్చుని ఉన్నాడు. ఆయన నవ్వు ఆపుకుంటున్నాడు.

పెద్దకోడలు ఒప్పుకోలేదు. "సార్, ఈమె నా తోడికోడలు. ఒకే ఇంట్లో ఉంటాం. ఈమె సంగతి నాకంటే వీళ్ళకి తెలుసా? పైకి అలా కనిపిస్తుందంతే. పాదరసం లాంటి బుర్ర. ఒక్క సెకనులో లెక్కంతా వేసేసింది. నాకే తట్టలేదు, ఆమెకి తట్టింది."

తికమక ఆమె ముఖంలోకి చూసింది. వేళాకోళం లేదు. కోపంతో ఎర్రబడి ఉంది. అంటే నిజంగానే నమ్ముతోంది. ఆ ఇంట్లో కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆమె నోట తన గురించి ఇలాంటి మాట వినలేదు. తనను తెలివితక్కువది చేయడానికి తనవాళ్ళు నానా తిప్పలూ పడుతుంటే, తెలివైనదని వాదిస్తున్నది ఒక్క అవతలి కెప్టెనే.

రిఫరీ రిటైరైన డ్రిల్లు మాస్టరు. మనసులో ఏముందో చూసే పరికరం ఆయనకు ఎవరూ ఇవ్వలేదు. పుస్తకం ప్రకారం తనకు తోచింది చెప్పేస్తే చాలు, ఎవరినీ అడగనక్కర్లేదు. అయినా ఈ గోల భరించలేక తికమక వైపు తిరిగాడు.

"నువ్వే చెప్పమ్మా. తెలిసి వేశావా, తెలియక వేశావా?"

తికమక లోలోపల లెక్క వేసుకుంది. తెలిసే వేశానంటే చాలు. ఫైనల్ పోతుంది, అదొక్కటే. ఇన్‌ఛార్జి రెండు రోజులు తిట్టుకుంటాడు, తర్వాత ఆలోచనలో పడతాడు. ఇంత బుర్ర ఉన్న మనిషినా ఇన్నాళ్ళూ మిషను మీద కూర్చోబెట్టాం అనుకుంటాడు. మేనేజరు నవ్వు మానేస్తాడు. చెకింగ్ టేబుల్ అంత దూరాన ఏమీ ఉండదు. తెలియక వేశానంటే మాత్రం, తనకు కళ్ళెదుట ఉన్నది కూడా కనిపించదని ఊరందరి ముందూ తన నోటితోనే ఒప్పుకున్నట్టు. అలాంటి మనిషిని తప్పులు పట్టే కుర్చీలో ఎవరు కూర్చోబెడతారు?

ఆమె జట్టు వైపు చూసింది. చెమటతో తడిసిపోయి, నడుముల మీద చేతులు పెట్టుకుని, అందరూ ఆమె నోటివైపే చూస్తున్నారు. ఆట మొదలైనప్పటి నుంచీ పరుగెత్తింది వాళ్ళు. తను బెంచీ మీద కూర్చుంది.

"తెలియక వేశాను సార్" అంది. "మేం వేయాల్సింది ఈ రింగులోనే అనుకున్నాను."

నవ్వులు పొర్లాయి. రిఫరీ రెండు వేళ్ళు చూపించి బాస్కెట్టు చెల్లుతుందన్నాడు. ఫ్యాక్టరీ అమ్మాయిలు గంతులేశారు. పెద్దకోడలు స్కోరు రాసే బల్ల దగ్గరికెళ్ళి అక్కడా ఒక తగువు పెట్టుకుంది.

"ఈ రెండు పాయింట్లూ నా పేరున ఎందుకు రాస్తున్నారు? నేను వేయలేదుగా."

"రూలంతేనండి" అన్నాడు స్కోరరు. "పొరపాటున సొంత రింగులో పడితే అవతలి కెప్టెను పేరున రాయాలి. వేసినవాళ్ళ పేరు ఎక్కడా ఉండదు."

ఇన్‌ఛార్జి తికమకని వెంటనే బయటికి పిలిచేసి, ఇంకొకరిని దించాడు. మిగిలిన సెకను ఊరికే గడిచిపోయింది. అదనపు ఐదు నిమిషాల్లో ఫ్యాక్టరీ చెలరేగి ఆడింది. ఐదు పాయింట్ల తేడాతో గెలిచి ఫైనల్‌కి వెళ్ళింది. ఆమెను ఎత్తుకుని తిప్పారు. "నీ తికమకే మమ్మల్ని గట్టెక్కించింది" అన్నారు. ప్రేమగానే అన్నారు. అందుకే ఇంకా ఎక్కువ గుచ్చుకుంది.

మర్నాడు ఇన్‌ఛార్జి ఆమె మిషను దగ్గరికి తనే వచ్చాడు. ఇబ్బందిగా గడ్డం గోక్కున్నాడు.

"నిన్న నువ్వు నిజం చెప్పావు. మామూలు విషయం కాదు. నేను మేనేజరుతో కూడా అన్నాను."

"మరి చెకింగ్ టేబుల్ సార్?"

"అదేనమ్మా. నీ పేరు చెప్పాను. ఆయన నవ్వాడు. నువ్వే చెప్పావు కదా అందరి ముందూ, ఇక నేనేం మాట్లాడను? ఆ సీటు రెండో వరస అమ్మాయికి ఇచ్చారు."

ఆమె తలూపి మిషను తిప్పింది. ఏడుపు వచ్చింది. దారం తెగినట్టు నటించి, ఎక్కించే నెపంతో తల కిందికి వంచుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. నిజం చెప్పినందుకు ఆమెకు గర్వంగా లేదు. ఒళ్ళు మండింది.

ఆ సాయంత్రం వంటింట్లో ఇద్దరు కోడళ్ళూ ఎదురెదురుగా కూర్చున్నారు. తికమక బఠాణీలు ఒలుస్తోంది. పెద్దకోడలు ఉల్లిపాయలు తరుగుతోంది. మ్యాచ్ అయ్యాక ఇద్దరూ మాట్లాడుకోలేదు. అత్తగారు పక్కింటికి వెళ్ళేదాకా ఆగి, పెద్దకోడలు కత్తి కింద పెట్టింది.

"ఇక్కడ రిఫరీ లేడు, ఎవరూ లేరు. ఇప్పుడు చెప్పు. కావాలనే వేశావు కదూ?"

తికమక తలెత్తింది. నిన్నటి ముఖమే. ఈ లోకంలో తనకు బుర్ర ఉందని నమ్మే మనిషి ఒక్కతే మిగిలింది. ఆమె కూడా జవాబు కోసం ఎదురుచూస్తోంది. ఈసారి ఏం చెప్పినా పోయే ఫైనల్ లేదు, వచ్చే కుర్చీ లేదు.

"అవునక్కా" అంది. "కావాలనే వేశాను."

"అంత మంది ముందు మరి తెలియక వేశానని చెప్పావే?"

"అలా చెబితేగా చెల్లేది."

"అమ్మో" అంది పెద్దకోడలు, మెల్లగా. "నాకు ముందే తెలుసు."

తర్వాత కత్తి తీసుకుని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది గానీ, మధ్యమధ్య ఆగి ఎదుటి మనిషిని చూస్తూనే ఉంది. అప్పటి నుంచీ ఆమె చిన్నకోడలితో ఏ మాటైనా ఆచితూచి మాట్లాడటం మొదలుపెట్టింది. చిన్నకోడలికి అది ఎంతో బాగుంది.