గోడ మీది మట్టి చార

రదోయ్క మునిసిపల్ ఆఫీసుకు రావడం ఇది పద్దెనిమిదోసారి. సావా నది కట్ట తెగి ఊరు మునిగి మూడేళ్ళయింది. ఇల్లు కట్టుకోవడానికి అనుమతి ఇవ్వండి మొర్రో అని ఆవిడ తిరగడం మొదలుపెట్టి రెండేళ్ళు దాటింది. ఒకసారి స్థలం కొలతల పటం తెమ్మన్నారు, తెచ్చింది. మట్టి పరీక్ష తెమ్మన్నారు, చేయించింది. అది తెచ్చేసరికి పటానికి గడువు తీరిపోయిందన్నారు. మునిసిపాలిటీ ముద్ర లేకుండా నదుల శాఖవాళ్ళు సంతకం పెట్టరు, నదుల శాఖ సంతకం లేకుండా మునిసిపాలిటీవాళ్ళు ముద్ర వెయ్యరు. మధ్యలో అరవై నాలుగేళ్ళ మనిషి బంతిలా అటూ ఇటూ దొర్లాలి. ఆవిడకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఇవాళ మాత్రం కాగితాలన్నీ ఎలాగో ఒక్కచోట చేరాయి. బల్లకు అవతల కూర్చున్న జ్లాటియా, రదోయ్క వాళ్ళ వీధి పిల్లే, పెళ్ళయి టౌన్లో ఉంటోంది. ఆ అమ్మాయి నక్షా విప్పి చూసి, పెన్సిలుతో నేల గీతను కొట్టేసింది. వరద ప్రాంతంలో ఇంటి నేల, అక్కడ నమోదైన నీటి ఎత్తుకన్నా అరమీటరు పైన ఉండాలట. వాళ్ళ వీధిలో నమోదైంది రెండు మీటర్ల ముప్ఫై. కాబట్టి రదోయ్క ఇల్లు రెండు మీటర్ల ఎనభై ఎత్తున, స్తంభాల మీద లేవాలి. అంటే పదహారు మెట్లు.

రదోయ్క ఇల్లు కట్టేదే అన్నయ్య మిలాదిన్ కోసం. వరద వెళ్ళిన చలికాలంలోనే అతనికి పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయింది. అప్పటినుంచీ టౌన్లో వృద్ధుల ఆశ్రమంలో ఉంటున్నాడు. అతన్ని ఇంటికి తెచ్చుకోవాలి, ఇంటి దేవుడి పండగకు రొట్టె ఇంటిపెద్దగా అతని చేతే కోయించాలి. ఆవిడకున్న ఆశ అదొక్కటే. పక్షవాతం మనిషి పదహారు మెట్లు ఎలా ఎక్కుతాడు?

ర్యాంపు వేసుకుంటానంది. అంత ఎత్తుకు ర్యాంపంటే స్థలం చాలదు, పైగా వరద నీటికి అడ్డమవుతుందని నదుల శాఖ ఒప్పుకోదంది జ్లాటియా. పోనీ లిఫ్టు పెట్టుకుంటానంది. నీటి గుర్తుకు కింద కరెంటు మోటారు ఉండకూడదట. ఏం అడిగినా ఆ పిల్ల దగ్గర ఒక నిబంధన సిద్ధంగా ఉంది. రదోయ్కకు ఒళ్ళు మండిపోయింది.

ఒళ్ళు మండడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ రెండు మీటర్ల ముప్ఫై శుద్ధ అబద్ధం. అది అబద్ధమని ఆ వీధిలో కుక్కపిల్లకు కూడా తెలుసు.

నీళ్ళు నిజానికి నడుము దాకానే వచ్చాయి. కానీ నష్టం రాసుకునే కమిటీ వస్తోందనగానే ఊళ్ళో ఒక మాట పుట్టింది. నీళ్ళు కిటికీ దాటితే సర్కారు కొత్త ఇల్లు కట్టుకోవడానికి డబ్బిస్తుంది, దాటకపోతే నాలుగు బస్తాల సున్నం మొహాన కొడుతుంది. పచ్చి ఇటుక గోడలు నడుము లోతు నీళ్ళలో వారం రోజులు నానితే ఆ ఇంట్లో మనిషన్నవాడు ఉండగలడా? ఈ సంగతి కమిటీకి చెబితే ఎక్కుతుందా? అందుకని కమిటీ వచ్చే రోజు పొద్దున్నే వీధి వీధంతా పనిలోకి దిగింది. ఊళ్ళో అందరికన్నా పొడగరి మిలాదిన్. సున్నం కుంచె పట్టుకుని, చెయ్యి పైకెత్తి, ఇంటింటి గోడకూ కిటికీల పైన బురద చార గీసుకుంటూ పోయాడు. బకెట్ మోసింది రదోయ్కే. నలభై ఒక్క ఇళ్ళు. కట్ట తెగాక ఊళ్ళో నీళ్ళెంత నిలిచాయో చెప్పడానికి ఆ చార తప్ప ఇంకో సాక్ష్యం లేదు. కమిటీవాళ్ళు టేపు పెట్టి కొలిచి, నీళ్ళు ఎంత సమంగా నిలిచాయో అని మెచ్చుకుని మరీ రాసుకుపోయారు. వీధి వీధంతటికీ ఇళ్ళ డబ్బు మంజూరైంది.

ఆ మాటే ఇప్పుడు జ్లాటియాతో చెప్పేసింది రదోయ్క. నీళ్ళు తొంభై సెంటీమీటర్లే. ఎనిమిది మెట్లతో, ఒక ర్యాంపుతో పోయేదానికి ఈ చావు ఏమిటంది.

జ్లాటియా ఒక తెల్ల కాగితం ముందుకు తోసింది.

"రాసివ్వు అత్తా, తీసుకుంటాను. కానీ నీ దొడ్లో తొంభై అయితే పక్క దొడ్లో రెండు ముప్ఫై ఎలా అవుతుంది? వీధంతటి ఫైలూ మళ్ళీ తెరుస్తారు. అందులో మా అమ్మ ఇల్లు కూడా ఉంది."

రదోయ్క అక్కడే కూర్చుని ఉన్నదంతా రాసింది. సంతకం మాత్రం పెట్టకుండా సంచిలో పెట్టుకుని, తిన్నగా ఆశ్రమానికి వెళ్ళింది.

మిలాదిన్ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. అంత పొడుగు మనిషీ కుర్చీలో ముడుచుకుపోయి సగమయ్యాడు. కాగితాన్ని ఎడమచేత్తో పట్టుకుని మెల్లగా, రెండుసార్లు చదివాడు. ఈలోగా ఆవిడ ఆపుకోలేక కక్కేసింది.

"అంత పైన గీయకపోతే ఏం పోయింది అన్నయ్యా? కిటికీ దాటితే చాలన్నారు కదా. నీ చెయ్యి ఎంత దాకా పోతే అంత దాకా గీశావు."

"చెయ్యి అందాకే పోయింది మరి," అన్నాడు నత్తి మాటలతో. "మెట్లెన్ని?"

"పదహారు."

అతను కాగితం తిరిగిచ్చేశాడు.

"దీన్ని చింపెయ్. నలభై ఇళ్ళవాళ్ళని మళ్ళీ వీధిలో నిలబెట్టి నేను ర్యాంపు మీద ఊరేగుతూ ఇంట్లోకి రానా? పదహారు మెట్లే కట్టు. నలుగురు పట్టుకుని ఒక్కసారి పైకి చేర్చండి, చాలు. మళ్ళీ దించేనాటికి నాకేం తెలీదు."

రదోయ్కకు పట్టరాని కోపం వచ్చింది. బుద్ధుందా ఆ మాటలేమిటని అరిచింది, ఏడ్చింది, కుంచెనూ కమిటీనీ నదినీ కలిపి తిట్టింది. అతను మాత్రం ఆవిడ తిట్లన్నీ అయ్యేదాకా ఓపిగ్గా కూర్చుని, పండగ రొట్టెకు పిండి ఎక్కువ కలపమని చెప్పాడు.

ఆఫీసు మూసేలోపు ఆవిడ మళ్ళీ జ్లాటియా ముందు కూర్చుంది. తెల్ల కాగితం ఊసు ఇద్దరూ ఎత్తలేదు. జ్లాటియా కొత్త దరఖాస్తు తీసి, ఒక్కొక్కటే అడుగుతూ నింపుతోంది. నేల ఎత్తు, రెండు ఎనభై. మెట్లు, పదహారు. ఇంట్లో ఉండేవాళ్ళు ఎంతమందని అడిగింది.

"ఇద్దరం."

జ్లాటియా పెన్ను ఆగింది. "మామయ్య ఎక్కలేడన్నావు కదా అత్తా?"

"ఎక్కిస్తాం. మెట్లు ఎంత వెడల్పు వేసుకోవచ్చు?"

జ్లాటియా నిబంధనల పుస్తకం తిరగేసింది. ఇంతకు తగ్గకూడదని ఉంది గానీ ఇంతకు మించకూడదని ఎక్కడా లేదంది.

"అయితే నలుగురు మోసుకుంటూ దిగేంత వెడల్పు రాయమ్మా," అంది రదోయ్క.