పూజందుకున్న తాడు

నేను ఒక తాడును. బావిలో చేద దింపే కొబ్బరి తాడును కాదు. నిలువు బండ మీదినుంచి మనిషిని దింపే నైలాన్ తాడును. నా లోపల పదకొండు తెల్లని పోగులు, వాటిపై నీలం తొడుగు. బరువు మోసేవి పోగులు, లోకానికి కనిపించేది తొడుగు. నా భయమంతా ఈ రెండింటి మధ్యనే పుట్టింది.

నన్ను అల్లిన కర్మాగారంలో, నాతోపాటు పుట్టిన మరొక తాడుకు ఇనుప బరువు కట్టి, అది తెగేదాకా పైనుంచి జారవిడిచారు. దాని చావును బట్టి నా బలాన్ని నిర్ణయించి కాగితం రాసిచ్చారు. శాస్త్రీయమైన పద్ధతే. అయినా అది తెగిన చప్పుడు నేను మరచిపోలేదు.

హైదరాబాదులో కొండలెక్కే చిన్న క్లబ్బు ఒకటి నన్ను కొన్నది. రెండో అంతస్తుకు పోవడానికి లిఫ్టు కోసం పది నిమిషాలు నిలబడే మనుషులు, ఆదివారం వేకువనే లేచి, ముప్పై కిలోమీటర్లు కార్లలో వచ్చి, గ్రానైటు బండలపైకి పాకేవారు. మోకాళ్ల మీది గీతలను ఒకరికొకరు పతకాల్లా చూపించుకునేవారు. ఆ మురిపెం నాకు నచ్చేది.

క్లబ్బులో ఒక నియమం ఉండేది. ఎవరైనా దిగే ముందు, గడియారాలు బాగుచేసే జాఫర్ నన్ను ఈ కొసనుంచి ఆ కొసదాకా వేళ్ల మధ్య తడుముతాడు. కంటికి కనిపించని దెబ్బ అతని వేళ్లకు తెలుస్తుంది.

ఆ దసరాకు క్లబ్బు పెద్ద, పదవీ విరమణ చేసిన ఇంజనీరు నర్సింగరావు, తన ఇంట్లో నాతో సహా క్లబ్బు సామానంతటికీ ఆయుధపూజ చేశాడు. హారతి తిప్పుతుండగా మండుతున్న కర్పూరం బిళ్ల పళ్లెంలోనుంచి జారి నా చుట్ట మీద పడింది. ఆయన గబగబా ఆర్పాడు. నల్లని మచ్చ మిగిలింది. పండుగపూట మచ్చ కనిపించడం బాగుండదని దానిపై పెద్ద కుంకుమబొట్టు పెట్టాడు.

పూజను నేను తప్పుపట్టను. ఏడాదంతా మనుషులను మోసిన వస్తువుకు ఒకనాడు కృతజ్ఞత చెప్పడం మంచి అలవాటే. నైలాన్‌కు మాత్రం కృతజ్ఞత తెలియదు. రెండువందల ఇరవై డిగ్రీల దగ్గర కరగడం తెలుసు. బొట్టు కింద నా పోగులు కరిగి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఎన్ని మిగిలాయో నాకే తెలియలేదు.

మరుసటి ఆదివారం జాఫర్ అలవాటుగా చేయి చాచాడు.

“పూజైన తాడు గద భాయ్, మళ్ల తడుముడేంది?” అన్నాడు నర్సింగరావు నవ్వుతూ.

పూజ చేసిన వస్తువును తడిమితే ఎవరేమనుకుంటారోనని జాఫర్ చేయి వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరిదీ మర్యాదే. రక్షణకు కట్టవలసిన రెండో తాడును పక్క బండ దగ్గరికి వేరే జట్టు పట్టుకెళ్లింది. ఇక నేనొక్కదాన్నే.

ఆ రోజు దిగవలసినది వసుంధర. రక్తపరీక్షల కేంద్రంలో ఉద్యోగం, నలభై ఆరేళ్లు, బండ దిగడం అదే మొదలు.

“సార్, కాళ్లు వణుకుతున్నయి.”

“ఏం గాదమ్మా! దిగుడేనాయె, ఎక్కుడు గాదు.”

“దిగుతనో పడతనో!” అని నవ్వుతూనే ఆమె అంచు దాటింది.

ఆమె బరువంతా నాపై పడింది. బొట్టున్న చోటు సరిగ్గా బండ అంచున ఆనింది. కింద అరవై అడుగుల గాలి, ఆ కింద రాళ్లు. ఆమె ఒక్కో అడుగు వేసినప్పుడల్లా అంచు నన్ను ఒరిసింది. తొడుగు చిట్లింది. లోపల ఒక పోగు తెగింది. అరవడానికి నాకు గొంతు లేదు. ఆమె గుండె కొట్టుకోవడం మాత్రం నా పొడవునా తెలుస్తోంది.

ఇంకో పోగు తెగింది.

అంచున కూర్చున్న జాఫర్ కంటికి ఎర్రని కుంకుమ మధ్య తెల్లని పీచు కనబడింది.

“అక్కా, ఆగు! కదలకు! కుడికాలు పక్కన మెట్టు లెక్క రాయి ఉన్నది, దాని మీద నిలబడు. బండను పట్టుకో. తాడు మీద బరువెయ్యకు!”

“ఏమైంది జాఫర్?”

“చెప్త అక్కా. ముందు నిలబడు.”

ఆమె నిలబడింది. జాఫర్ పక్క బండ దాకా పరుగెత్తి రెండో తాడు తెచ్చేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. అంతసేపూ ఆమె వణుకు నాలోకి వచ్చింది. ఆమె కాలు జారితే ఆపగలనా అని ఒక్కటే ఆలోచన. కాలు జారలేదు.

ఆ తాడుతో ఆమెను దింపి, అందరూ కిందికి చేరాక జాఫర్ గడియారాల పట్టకారుతో నా తొడుగు విప్పి చూశాడు. పదకొండింటిలో గట్టివి మూడు. నర్సింగరావు కుంకుమ తుడిచి, కింది నల్లమచ్చను చూశాడు.

“తప్పు నాదే,” అన్నాడు.

పనికిరాని తాడును ఎవరూ పొరపాటున వాడకుండా ముక్కలు చేయాలి. ఆ సాయంత్రం నర్సింగరావు కత్తి తెచ్చి, మళ్లీ కింద పెట్టేశాడు.

“పూజైనదాన్ని కోసుడు నాతోని గాదమ్మా. మూలకు పెడత, ఎవ్వరు ముట్టరు.”

నా భయం ఇంకా పెరిగింది. పైకి నేనింకా నిగనిగలాడుతూనే ఉన్నాను. ఏదో ఒక ఆదివారం, తొందరలో ఎవరో నన్ను భుజాన వేసుకోరని ఎవరు చెప్పగలరు?

“ఇటియ్యండి సార్,” అంది వసుంధర. “దీనికి ఏలాడింది నేను.”

కత్తి నాలో దిగింది.

ఇప్పుడు నేను మూరెడు మూరెడు ముక్కలుగా అట్టపెట్టెలో ఉన్నాను. కొత్తగా చేరినవారికి ముడులు నేర్పుతూ వసుంధర ఒక్కో ముక్క చేతికిస్తుంది. వాళ్లు నేల మీద కూర్చుని ముడి వేస్తారు, తప్పు వేస్తారు. లాగి చూస్తే జారిపోతుంది. ఎవరూ పడరు.